కోయని కాడలు

మాలూరు దాటగానే రోడ్డు పక్కన మొక్కలు అమ్మే తోటలు వరుసగా ఉంటాయి. నాతో పాటు పనిచేసిన టీచరమ్మ కూతురు కొత్త ఇంట్లో చేరుతోందని, ఒక కరివేపాకు మొక్క కొందామని ఆ మధ్య అక్కడ దిగాను. ఈ వయసులో బస్సు ఎక్కడమూ దిగడమూ రెండూ మోకాళ్ళకు శిక్షే. కరివేపాకు బేరం చేస్తూ తల తిప్పితే, పచ్చ వల కింద నల్ల సంచుల్లో నడుమెత్తు కాడలకు ఊదారంగు గంటలు వేలాడుతూ కనిపించాయి. కింది గంటలు అప్పటికే రాలిపోయి, వాటి చోట ఆకుపచ్చ కాయలు బఠానీ గింజల్లా ఉబ్బుతున్నాయి. నా చెయ్యి నన్ను అడక్కుండానే ముందుకు పోయి ఒక కాయను నొక్కింది. గట్టిగా ఉంది. ఈ రోజే కోయాలి, అనుకున్నాను. తోట చూసుకుంటున్న ఆమెతో ఆ మాటే అన్నాను. “కాడ కోసేస్తే పక్క నుంచి మళ్ళా పూస్తాదమ్మా. ఇట్లే పెడితే ఎండిపోతాది.” ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, “పూలున్నంత వరకూ అమ్మేది, అయిపోయినాక పీకి పారేసేది. ఇంగ కాడలు కోసుకుంటా కూసునే ఓపిక ఎవరికుండాది?” అంది. ఆమె తప్పేమీ అనలేదు. ఓపిక లేకపోవడం గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కరివేపాకు మొక్క మరిచిపోయి, దాని సంచి ఆమె చేతిలోనే వదిలేసి బస్సెక్కాను.

మా నాయన మునస్వామి కోలారు బంగారు గనిలో డ్రిల్లరు. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి, వానలు లేని ఏడు నడుచుకుంటూ వచ్చి గనిలో దిగాడట. తాత తర్వాత నాయన దిగాడు. రాతికి రంధ్రం వేసే మిషన్ను ఒంటికి ఆనించుకుని ఆ చీకట్లో ఏళ్ళ తరబడి నిలబడ్డ మనిషి. దాంతో ఆయనకు రెండు పోయాయి. దుమ్ముకు రొమ్ములో గాలి పోయింది, అదురుకు వేళ్ళలో తెలివి పోయింది. చలికాలం పొద్దున్నే వేళ్ళు తెల్లగా పాలిపోయేవి, టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేవాడు. గ్లాసు కాలుతోందో లేదో ఆయనకు తెలిసేది కాదు, మా అమ్మ తాకి చూసి ఇచ్చేది. గని తెల్లవాళ్ళ చేతుల్లోంచి సర్కారు చేతికి వచ్చిన తర్వాత ఆయన్ను డాక్టర్లు చూసి ‘లైట్ డ్యూటీ’ అని రాశారు. అంటే లోపలికి దిగనక్కర్లేదు, పైనే తేలిక పని. ఆయనకు దక్కింది ఒక పెద్ద ఆఫీసరు బంగళాలో తోట పని. తోట పని తేలిక పని అని రాసిన మహానుభావుడు జీవితంలో ఒక్క రోజు కూడా వంగి ఉండడు.

ఆ లైట్ డ్యూటీకి ఒక మెలిక ఉంది. ఏటా ఒకసారి ఆఫీసరు ‘ఈ మనిషి పనికి వస్తున్నాడు’ అని సంతకం పెట్టాలి. పెట్టకపోతే మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. వాళ్ళు ‘అన్‌ఫిట్’ అని రాస్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు కంపెనీ కూలీల లైన్లో మేముంటున్న ఒంటిగది ఇల్లూ పోతుంది. ఆ ఇల్లు ఇంద్రభవనమేమీ కాదు. తడికె గోడలు, రేకుల కప్పు. గాలి తిరిగితే బంగారం తీసేసిన మట్టి పోసిన సయనైడ్ దిబ్బల మీది తెల్ల దుమ్ము వచ్చి సంగటి ముద్ద మీద వాలేది. భూమి లోపల ఎక్కడో రాయి పగిలితే గూట్లో గిన్నెలు గణగణలాడేవి, మా అమ్మ చేస్తున్న పని ఆపి, గనిలో ప్రమాదమని కూత వినపడుతుందేమోనని చెవులు రిక్కించి, వినపడకపోతే మళ్ళీ పనిలో పడేది. అయినా ఇల్లంటే మాకు అదే. అక్కడ నీలగిరి తైలం వాసన, పొట్టు పొయ్యి పొగ, నాయన దగ్గు, ఈ మూడూ ఎప్పుడూ ఉండేవి. ఇప్పుడు మందుల షాపు ముందు నిలబడితే ఆ తైలం వాసన తగిలి ఒక్కోసారి నడక ఆగిపోతుంది.

బంగళాలో తెల్లవాళ్ళు పోయి ఏళ్ళయినా వాళ్ళ పూలు పోలేదు. వాటిలో అందరికీ గొప్ప, మాలూరు దగ్గర నేను చూసిన ఈ ఫాక్స్‌గ్లోవ్. మా నాయనకు ఆ పేరుతో పని లేదు, గంటల చెట్టు అనేవాడు. అది చలిదేశం చెట్టు, మన ఎండలకు బతకాల్సింది కాదు. వానల్లో నారు పోసి, తూర్పు గోడ పక్కన తడికెల నీడలో పెట్టి, బంగళా వాళ్ళు స్నానం చేసిన నీళ్ళు మళ్ళించి, చంటిపిల్లను సాకినట్టు సాకితే చలి తగ్గే నాటికి పూసేది. అంత సాకినా దాని ఆకు విషం. దాంట్లోంచే గుండెకు మందు తీస్తారని ఆసుపత్రిలో ఆయాగా ఉన్న మా పక్కింటి మేరీ అక్క చెప్పేది. నాయన మందు మాట నమ్మలేదు, విషం మాట నమ్మాడు. కోసినవన్నీ మేకలకు అందకుండా గుంత తీసి పూడ్చాలి, చేతులు బూడిదతో తోముకున్నాకే అన్నం ముట్టాలి.

ఆ చెట్టు పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి. పైన నాలుగు గంటలు ఇంకా తాజాగా ఉండగానే కింద కాయ కట్టడం మొదలవుతుంది. కాయ ముదిరిందా, చెట్టు ఇక తన పని తీరిపోయిందనుకుని ఎండిపోతుంది. ముదరకముందే కాడను కింది దాకా, పక్క మొగ్గకు కాస్త పైన, నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా కోసేస్తే, నెలన్నరకు పక్క నుంచి చిన్న కాడలు లేచి మళ్ళీ పూస్తాయి. విత్తనానికని ఒక్క కాడను మాత్రం వదిలిపెట్టాలి. ఆ రెండో పూత వచ్చే రోజులకే ఏటా పైనుంచి పెద్ద ఆఫీసర్లు వచ్చి బంగళాలో విందు చేసేవాళ్ళు. నాయన కాగితం మీద సంతకం పడేది కూడా ఆ రోజుల్లోనే. కాబట్టి మా ఇంటి ఉగాది, దీపావళి అన్నీ ఆ రెండో పూతలోనే ఉండేవి.

ఇక అసలు సంగతి. ఆ పని నాయన చేయలేడు. వంగితే ఊపిరి అందదు, కత్తెర పట్టుకుంటే వేళ్ళు మూసుకోవు. చేసేది నేను. మా అమ్మ నారాయణమ్మ తెల్లవారుజామున మొదటి బస్సుకు బేతమంగళ పోయి, చెరువు కింద తోటల్లో ఆకుకూరలు గంపకెత్తుకుని వచ్చి లైన్లలో అమ్మేది. ఆమె గంప తీసుకుని బయలుదేరేటప్పుడే నేనూ లేచి, నాయన వెంట బంగళాకు నడిచేదాన్ని. కాపలాదారు మా పల్లె వైపు మనిషి, వెనక గేటు తీసి మొహం అటు తిప్పుకునేవాడు. బంగళా వాళ్ళు లేచేలోగా కలుపు తీయడం, నీళ్ళు మోయడం, కాడలు కోయడం అయిపోవాలి. ఎండ వచ్చాక నాయన టోపీ పెట్టుకుని, చెత్త లాగే దంతి చేతిలో పట్టుకుని, వరండాకు కనపడేలా నిలబడేవాడు. నేను ఇంటికి పరుగెత్తి, సంగటి తిని, కాలేజీకి పోయి నిద్రపోయేదాన్ని. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన పిల్ల కాలేజీలో నోరు తెరుచుకుని నిద్రపోవడం చూసి లెక్చరర్లు నాకు ఏదో రోగం అనుకున్నారు. రోగం లాంటిదే. ఆ రెండేళ్ళలో నాకు ఆకలి గుర్తులేదు, స్నేహితురాళ్ళు గుర్తులేరు, చదివిన పాఠాలు అసలే గుర్తులేవు. నిద్ర ఒక్కటే గుర్తుంది, అది కూడా రానిది కాదు, దొరకనిది.

కోసే రోజు ఎప్పుడో తేల్చడానికి మాత్రం నాయనకు ఒక పద్ధతి ఉండేది. గనిలో పనికి ముందు పై రాతిని కడ్డీతో కొట్టి, శబ్దం విని, ఇది నిలుస్తుంది, ఇది పడుతుంది అని తేల్చుకుంటారు. ఆ పరీక్ష కాకుండా ఎవరూ మిషన్ ఎత్తరు. గంటల చెట్టుకూ ఆయన అదే నియమం పెట్టాడు. రోజూ పరీక్ష చేయాలి, పరీక్ష చెప్పిన రోజే కోయాలి. కాకపోతే ఇక్కడ కడ్డీ బదులు నా వేళ్ళు.

“కింద కాయ నొక్కు. ఎట్లుండాది?”

“మెత్తగా ఉండాది నాయినా.”

“అయితే ఈపొద్దు వద్దు. రేపు చూస్తాము.”

మొదటి ఏడు ఆరు రోజులు ఇలా నొక్కి, ఏడో రోజు “గట్టిపడె” అన్నాను. ఆ పొద్దే నలభై కాడలు కోశాను. చిక్కు ఏమిటంటే పైన పూలు ఇంకా నవనవలాడుతుంటాయి. ఎండెక్కాక ఆఫీసరుగారి భార్య వరండాలోకి వచ్చి, బోసిపోయిన మడి చూసి నిలబడిపోయింది. ఆమెది కృష్ణా జిల్లా వైపు. బంగళాలో ఎవరు చేరినా దొరసానమ్మే గనక ఆమెను కూడా దొరసానమ్మ అనేవాళ్ళం.

“ఇదేం పని మునస్వామీ? నిక్షేపంలాంటి పూలు, ఇంకో వారం ఉండేవి కదా.”

“ఇంగో వారం ఉంటాయమ్మగారూ. ఆమీద చెట్టే ఉండదు.”

ఆమె నమ్మలేదు గానీ, నెలన్నర తర్వాత నమ్మింది. విందుకు వచ్చినవాళ్ళు ఆ ఎండల్లో గంటలు చూసి నోరెళ్ళబెట్టారని, అప్పటి నుంచి ఆయన మాటకు ఎదురు చెప్పడం మానేసింది. ఆ ఏడు సంతకం పడింది. మా అమ్మ పాయసం చేసింది.

రెండో ఏడు పూత మొదలైన రోజుల్లోనే కోలారు నుంచి నాకు ఉత్తరం వచ్చింది. టీచర్ ట్రైనింగులో సీటు, హాస్టల్లో చోటు. ఉత్తరాన్ని అమ్మ బియ్యం డబ్బా మీద పెట్టి, పైన సేరు బోర్లించింది. నేను కోలారు పోతే తోట ఎవరు చేస్తారు? ఈ ప్రశ్న మా ముగ్గురికీ తెలుసు, ముగ్గురమూ పైకి అనలేదు. రెండు రోజులకు నాయనే, అన్నం తింటూ, తల ఎత్తకుండా అన్నాడు.

“సీటు యాడికీ పోదులేమ్మా. వచ్చే ఏడు పోదువు.”

“సీటు యాడికీ పోకుండా ఉండేదానికి అదేమన్నా బండరాయా?” అంది అమ్మ. నాకు కోపం వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, కోపానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. తిని, చాప మీద పడి, దీపం ఆర్పకముందే నిద్రపోయాను.

వారం తర్వాత ఒక పొద్దున ఎప్పటిలాగే మడి దగ్గర కూర్చుని కాయ నొక్కాను. గట్టిగా ఉంది. పక్క చెట్టుది నొక్కాను, అదీ గట్టిగానే ఉంది. చుట్టూ చూశాను. నలభైకి పైగా కాడలు. అవి కోయాలి, కట్టలు కట్టాలి, గుంత తవ్వాలి, పూడ్చాలి, మళ్ళీ నీళ్ళు మోయాలి. కోత ఒక పొద్దుతో తీరినా మిగతా పని తీరదు, మూడు నాలుగు పొద్దులు ఇంకా ముందుగా లేవాలి. నడుము అప్పటికే పట్టేసి ఉంది. నాయన నా వెనక కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు.

“ఎట్లుండాది?”

“మెత్తగానే ఉండాది నాయినా.”

ఆయన నిలబడ్డచోటి నుంచే కాడల వైపు చూశాడు. “అయితే రేపు నువ్వు రావద్దులే. నీళ్ళు నేనే మళ్ళిస్తాను. పడుకో,” అన్నాడు.

చదువు కోసం ఆ అబద్ధం ఆడానని చెప్పుకుంటే నా బతుక్కు ఒక అందం వచ్చేది. కాదు. కోలారు ఆ క్షణంలో నా తలలో లేదు. ఒక్క పొద్దున ఎండ మొహం మీద పడేదాకా పడుకోవాలని, అంతే. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. నాకు మాత్రం ఆ రోజుల్లో తెలిసిన సుఖం నిద్ర ఒక్కటే. మర్నాడు పడుకున్నాను. గని కూత వినపడలేదు, అమ్మ పోవడం వినపడలేదు. లేచేసరికి రేకుల సందులోంచి ఎండ పడుతోంది. ఆ సాయంత్రం బంగళాకు పోయినప్పుడు నాయన మళ్ళీ అడిగాడు, నేను మళ్ళీ మెత్తగానే ఉందన్నాను. మూడో రోజూ అంతే. నాలుగో రోజు కాయల మొనలు గోధుమరంగుకు తిరిగాయి. ఆ రోజు ఆయన అడగలేదు, నేను నొక్కలేదు.

చెట్లు చేయాల్సింది చేశాయి. కాయలు ముదిరి పగిలి, ఇసక లాంటి విత్తనం మడంతా రాలింది. ఆ ఎండకు ఒక్కటీ మొలవలేదు. ఆకులు కింది నుంచి పసుపు తిరిగి నేలకు అంటుకుపోయాయి. విందుకు ఇంకా పది రోజులు ఉందనగా నేను నాయనకు క్యారియర్ తీసుకుపోయాను. దొరసానమ్మ మడి దగ్గరే నిలబడి ఉంది.

“ఏమిటిది మునస్వామీ? కాడలు ఎందుకు కోయలేదు? నువ్వే కదా పోయినేడు అంత చెప్పావు?”

నేను క్యారియర్ పట్టుకుని అక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే నిజం వస్తుందని నోరు తెరవలేదు.

“నాకు తెలీలేదమ్మగారూ,” అన్నాడు నాయన. “చేతులు మొద్దుబారి శానా దినాలాయ. కాయ ముదిరినాదో లేదో నాకు తెలీదు.”

ఆమె చెడ్డ మనిషి కాదు. “అయ్యో, ఆ మాట ముందే చెప్పొద్దూ?” అంది, నిజంగా బాధపడుతూ. ఆమె మొగుడికి చెప్పింది, మొగుడు ఆఫీసుకు రాశాడు. బోర్డులో డాక్టరు సూదితో నాయన వేళ్ళ మీద గుచ్చుతుంటే ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడని, మేరీ అక్క వచ్చి చెప్పింది. మేము ఇల్లు ఖాళీ చేసి, బేతమంగళలో మా మామ పశువుల కొట్టం పక్కన పాక వేసుకున్నాము. అమ్మకు బస్సు ప్రయాణం తప్పింది, కూరల తోట పక్కనే వచ్చింది. నేను కోలారు పోయాను. ఇక ఆపడానికి అక్కడ నా పనంటూ ఏమీ మిగల్లేదు.

తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. గని కూడా మూతపడింది. మొన్న పొద్దున్నే బెంగళూరు రైలెక్కితే పెట్టె నిండా మా వైపు పిల్లలే. ఆఫీసులకు, అంగళ్ళకు, ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళు. అందరూ నిద్రలో ఉన్నారు. కూర్చున్నవాళ్ళు కిటికీకి తల ఆనించి, నిలబడ్డవాళ్ళు కడ్డీ పట్టుకుని. నా పక్కనున్న అమ్మాయి తల నా భుజం మీద వాలింది, నేను కదలకుండా కూర్చున్నాను. అప్పుడు మేము నిద్ర లేకుండా ఎవరివో పూలు పూయించాము, ఇప్పుడు వీళ్ళు ఇంకేదో చేస్తున్నారు. కాలం మారిందని అందరూ అంటారు గానీ, నాకు మారినట్టు కనపడేది ఒక్కటే. మా రోజుల్లో మోసే బరువు పక్కన ఎవరో ఒకరు కర్ర ఆనించుకుని నిలబడి ఉండేవారు. నాకు ఇప్పుడు కావలసినంత తీరిక ఉంది, పింఛను ఉంది, మెత్తటి పరుపు ఉంది. తెల్లవారుజామున మాత్రం మెలకువ వచ్చేస్తుంది, ఎంత పడుకున్నా ఆ మూడు పొద్దుల నిద్ర మళ్ళీ రాలేదు.

నాయన బేతమంగళలో రెండు వానాకాలాలు ఉన్నాడు. ట్రైనింగు అయిపోయి, మొదటి స్కూలు ఆర్డరు తీసుకుని వచ్చిన రోజున ఆయన పాక ముందు నులక మంచం మీద ఎండకు కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఆర్డరు ఆయన చేతిలో పెట్టాను. చదవడం రాదు, వేళ్ళకు కాగితం తెలియదు, అయినా చాలాసేపు పట్టుకున్నాడు. ఆ చేతులు చూశాక ఇక మోయలేకపోయాను. అమ్మ చేనులో ఉంది, దగ్గర ఎవరూ లేరు.

“నాయినా, ఆపొద్దు కాయ గట్టిగానే ఉండె,” అన్నాను. “నేను మెత్తగుండాదని అబద్ధం చెప్పినాను. మూడు దినాలూ అబద్ధమే.”

“తెలుసులే.”

“ఎట్లా తెలుసు?”

“గట్టిపడిన కాయ రంగు తెలీదా నాకు? వేళ్ళు పోయినాయి గానీ కండ్లు పోలేదు కదమ్మా.”

“అయితే దినామూ నన్నెందుకు అడిగితివి?”

ఆయన కాగితాన్ని మడవబోయి, మడత కుదరక, నా చేతికిచ్చాడు. “నువ్వు మెత్తగుండాది అంటే, రేపు పడుకోమని చెప్పేదానికి నాకు ఒక సాకు దొరుకుతాది కదా,” అన్నాడు. “ఊరికే పడుకోమంటే నువ్వు వినవు.”

తర్వాత దగ్గు వచ్చింది. నేను నీళ్ళ చెంబు అందించి, ఆయన తాగేదాకా కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాను.